బుట్టలో పడిన జట్టు

"కొంప మునిగేట్టుందే అమ్మాయ్," అన్నాను.

మా అమ్మాయి బూట్ల తాళ్ళు కట్టుకుంటూ తలెత్తింది. "ఏమైందమ్మా?"

"ఇంకా ఏమీ కాలేదు. అదే నా భయం."

"అయ్యాక భయపడొచ్చుగా?"

"అయ్యాక ఏడవాలి. అప్పుడు భయపడటానికి తీరికెక్కడ?"

అది నవ్వుకుంటూ ప్రాక్టీసుకు వెళ్ళిపోయింది. నేను మాత్రం గుమ్మంలోనే నిలబడి, ఏం జరగబోతోందా అని ఎదురుచూశాను.

మా అమ్మాయి దేశం తరఫున బాస్కెట్‌బాల్ ఆడుతుంది. పాయింట్ గార్డ్. అంటే బంతి పట్టుకుని అందరికంటే ముందు నడిచి, ఎవరు ఎక్కడ నిలబడాలో చూపించి, చివరికి ఎవరో ఒకరి చేత దాన్ని బుట్టలో వేయించే మనిషి. ఇంట్లో నేను చేసేదీ అదే కనుక ఆ ఉద్యోగం నాకు తేలిగ్గానే అర్థమైంది. పన్నెండేళ్ళుగా ఆడుతోంది. కుడిచేతి చిటికెనవేలు రెండుసార్లు విరిగి, ఇప్పుడు మిగతా వేళ్ళతో పడనట్టు పక్కకు తిరిగి ఉంటుంది. ఈ ఏడు ప్రపంచ కప్పు. దాని వయసుకు ఇదే ఆఖరుది. ఎంపికైతే విమానం ఎక్కుతుందే అని భయం. ఎంపిక కాకపోతే మంచం దిగదేమో అని భయం.

నా భయం వమ్ము కాలేదు. ఆ సాయంత్రమే క్రీడల మంత్రిగారు టీవీలో కనిపించారు.

"ప్రజాస్వామ్యంలో జాతీయ జట్టును నలుగురు మనుషులు తలుపులేసుకుని ఎంపిక చేయడమా? ఇది నిరంకుశత్వం! ఇక మీదట మన మహిళా జట్టును ఎంపిక చేసేది ఒక్కటే. ప్రజాదరణ!"

అంత గొప్ప మాట నేను మంత్రుల నోట ఎన్నడూ వినలేదు. ఈ ఆశయం నెరవేరడం కోసం ఆయన వెంటనే నలుగురితో ఒక కమిటీ వేసి, తలుపులున్న ఒక గది ఇప్పించారు. మహిళా జట్టు కనుక కమిటీకి మహిళే చైర్‌పర్సన్‌గా ఉండాలని రూలుంది. ఆడవాళ్ళంటే మంత్రిగారికి ఎంతో గౌరవం. తగిన మహిళ కోసం దేశమంతా గాలించి, చివరికి తమ భోజనాల బల్ల దగ్గరే ఆవిడను కనుక్కున్నారు.

కమిటీలో ప్రజలకూ చోటుండాలని క్రీడాకారిణుల తల్లిదండ్రులందరికీ కబురు పంపారు. వెళ్ళింది నేనొక్కదాన్నే. వెళ్తే ఏమవుతుందోనని మిగతావాళ్ళు భయపడ్డారు; వెళ్ళకపోతే ఏమవుతుందోనని నేను భయపడ్డాను.

"మీరెవరమ్మా?" అన్నారు మంత్రిగారు.

"అమ్మనండి."

క్రీడాసంఘం సెక్రటరీ ఆయన చెవి దగ్గర వంగి, "సార్, ఈవిడ కూతురు కూడా పోటీలో ఉంది. బాగోదేమో," అని గొణిగాడు. ఈ సెక్రటరీ గొణగకుండా మాట్లాడగా ఎవరూ చూడలేదు.

"ఏంటయ్యా బాగోనిది? జనమన్నాక ఎవరో ఒకరికి అమ్మ కాకుండా ఉంటారా? కూర్చోండమ్మా. ఇవాళ్టి నుంచి మీరే జనం."

అలా నేను జనమయ్యాను.

గదిలో పొడవాటి బల్ల. దాని కొసన ఎత్తు వీపున్న పెద్ద కుర్చీ. దాని ముందు బల్ల మీద 'చైర్‌పర్సన్' అని ఇత్తడి పలక, తళతళా మెరుస్తోంది. మంత్రిగారు ఆ కుర్చీలో కూర్చున్నారు. "మా ఆవిడకి ఫ్యాను గాలి పడదు," అన్నారు, మేం అడగకుండానే. మేడమ్ కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. కిటికీలోంచి కింద కోర్టు కనిపిస్తుంది. పిల్లలు ప్రాక్టీసు చేస్తున్నారు. ఆవిడ అటే చూస్తూ ఉండిపోయారు. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం రాకుండా మంత్రిగారు చూసుకునేవారు.

సెక్రటరీ మూడుసార్లు దగ్గి, "సార్, ప్రజాదరణతో పాటు అనుభవం కూడా కాస్త చూస్తే..." అన్నాడు.

"అనుభవం అంటే ఏంటయ్యా? పాతబడటమేగా?"

"అది కాదు సార్. ఉదాహరణకి ఈ జనంగారి అమ్మాయి. పన్నెండేళ్ళుగా జట్టులో ఉంది."

"పన్నెండేళ్ళుగా అదే పోస్టా? ప్రమోషన్ రాలేదా?"

"పాయింట్ గార్డ్ సార్."

"గార్డులు నాకే ఆరుగురున్నారు. ఒక్కడికైనా అభిమానులున్నారా?"

సెక్రటరీ ఆలోచించి, లేరని ఒప్పుకున్నాడు.

అప్పుడు మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలి ఆట సారాంశం చెప్పారు. ఇన్నేళ్ళు ఆ ఆట చూస్తున్నా నాకంత లోతుగా తట్టలేదు. "బాస్కెట్ అంటే ఏంటి? బుట్ట. బుట్టలో వేయడమే కదా ఆట? బంతిని బుట్టలో వేసేవాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. జనాన్ని బుట్టలో వేసేవాళ్ళు కావాలి! నేనిన్ని ఎన్నికలు గెలిచింది బంతి వేసా?"

"ఆహా," అన్నాడు సెక్రటరీ, గొణక్కుండా.

"మా ఆవిడ అభిప్రాయం కూడా ఇదే," అన్నారు మంత్రిగారు, అటు తిరగకుండానే. "జనం ఏమంటారు?"

"జనానికి గుండె దడగా ఉందండీ."

"రాసుకోవయ్యా. జనంలో ఉత్సాహం ఉరకలేస్తోంది."

ఇలా వారం రోజులు చర్చ సాగింది. ఆదరణ ముందా, అనుభవం ముందా అని టీవీల్లో పెద్దవాళ్ళు గొంతులు చించుకున్నారు. చివరికి రెండిటికీ ఒక మ్యాచ్ పెడదామని నిర్ణయమైంది. ఒకవైపు అనుభవం జట్టు, అంటే మా అమ్మాయీ దాని తోటివాళ్ళూ. ఇంకోవైపు ఆదరణ జట్టు. దాని కెప్టెన్‌ను అందరూ చక్రం పిల్ల అంటారు. వేలి మీద బంతిని చక్రంలా తిప్పి వీడియోలు పెడుతుంది. ఆ వీడియోలు చూసేవాళ్ళంతా ఒక్కచోట నిలబడితే కొన్ని దేశాలు చిన్నబోతాయట. మంచి పిల్ల. నన్ను ఆంటీ అంటుంది, మా అమ్మాయిని అక్కా అంటుంది. దానితో పాటు ఒక సీరియల్ కోడలు, ఒక వార్తలు చదివే అమ్మాయి, పాటల పోటీలో రెండో బహుమతి వచ్చిన కవలలిద్దరు.

ఆట మొదలైంది. సీరియల్ కోడలికి ఎవరి మోచెయ్యో తగిలింది. ఆవిడ మూడుసార్లు తల తిప్పి తిప్పి చూసింది. ఆ చూపు పూర్తయ్యేలోపు మావాళ్ళు రెండు బుట్టలు వేశారు. వార్తల అమ్మాయికి బంతి అందింది. "బంతి ఇప్పుడే నా చేతికి అందింది. మరిన్ని వివరాలు..." అంటుండగా వివరాలతో సహా బంతి పోయింది. ఒక కవల బంతిని నేలకు కొట్టకుండా చంకన పెట్టుకుని నడిచింది. రిఫరీ ఈల వేసి "ట్రావెలింగ్!" అని అరిచాడు.

"ట్రావెలింగ్‌కి టీఏ ఇస్తున్నాంగా?" అన్నారు మంత్రిగారు కోపంగా.

చక్రం పిల్ల మాత్రం అద్భుతం. బంతితో సరిగ్గా బుట్ట కిందికి చేరింది. అక్కడ ఆగి దాన్ని వేలి మీద తిప్పడం మొదలుపెట్టింది. జనం, అంటే నేను కాదు, అసలు జనం, ఊగిపోయారు. మా అమ్మాయి మర్యాదగా కాసేపు ఆగింది. తర్వాత, "సారీ చెల్లీ," అని వేలి మీంచి బంతి తీసుకుని వెళ్ళిపోయింది.

ఒక్కసారే నా ప్రాణం పోయినంత పనైంది. మా అమ్మాయి విసిరిన బంతి గీత దాటి, పెద్దవాళ్ళ సోఫాల్లో కూర్చున్న మేడమ్ మీదికి దూసుకెళ్ళింది. కళ్ళు మూసుకున్నాను. మంత్రిగారి భార్య ముక్కు పగలగొట్టిందని రేపు పేపర్లో దాని ఫొటో, ఎల్లుండి స్టేషన్లో నేను. అంతా కనిపించింది. గాజుల చప్పుడు ఒక్కటి వినిపించింది. కళ్ళు తెరిస్తే బంతి కోర్టు నడిమధ్యన మా అమ్మాయి చేతుల్లో ఉంది. మేడమ్ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు సర్దుకుంటున్నారు. మా అమ్మాయి ఎర్రబడిన తన అరచేతుల వంక, ఆవిడ వంక చూసింది. ఇంకెవరూ చూడలేదు. మంత్రిగారు మహిళల్లో దాగిన ప్రతిభ గురించి కెమెరాలకు చెబుతున్నారు.

అనుభవం జట్టు అరవై పాయింట్ల తేడాతో గెలిచింది.

"గెలిచారు, కాదనను," అన్నారు మంత్రిగారు పెద్ద మనసుతో. "కానీ చప్పట్లు ఎవరికి ఎక్కువ?" తర్వాత చక్రం పిల్లను పిలిచి, "బుట్ట కిందే ఉన్నావుగా, బంతి ఎందుకు వేయలేదమ్మా?" అని అడిగారు.

"వేసేస్తే వీడియో అయిపోతుంది కదా సార్."

"చూశారా! దూరదృష్టి అంటే ఇది!"

ఆ రాత్రి మా అమ్మాయి అన్నం కలిపి, తినకుండా వేళ్ళతో గీతలు గీస్తూ కూర్చుంది.

"తీసేస్తారా అమ్మా నన్ను?"

నిజం చెబితే ఏడుస్తుందని భయం, అబద్ధం చెబితే నమ్ముతుందని భయం.

"పోనీ, నువ్వు జనానివిగా. నువ్వే అడుగు."

"జనం ఎక్కడైనా అడుగుతారటే?"

అది నవ్వింది. కానీ అన్నం మాత్రం అలాగే ఉంచేసి లేచింది.

మర్నాడు అదే గదిలో విలేకరుల సమావేశం. కెమెరాలు, మైకులు. మా పిల్లలందరూ గుమ్మం దగ్గర నిలబడ్డారు. మా అమ్మాయి బూట్లు వేసుకునే వచ్చింది. చక్రం పిల్ల దాని పక్కనే నిలబడి, బంతిని వేలి మీద కాకుండా రెండు చేతులతో పట్టుకోవడం ఎలాగో నేర్చుకుంటోంది.

మంత్రిగారు పెద్ద కుర్చీలో కూర్చుని, ఇత్తడి పలకను కాస్త పక్కకు జరిపి, గొంతు సవరించుకున్నారు.

"ఆదరణా, అనుభవమా? రెండూ నాకు రెండు కళ్ళు! అందుకే ఎవరికీ అన్యాయం చేయలేదు. ఆదరణ ఆడుతుంది. అనుభవం పక్కన నిలబడి చూస్తుంది. ఈ పాత పాయింట్ గార్డును 'మార్గదర్శక కెప్టెన్'గా నియమిస్తున్నాం. జట్టుతో పాటు విమానం ఎక్కుతుంది, కోర్టులో మాత్రం దిగదు. దెబ్బలు తగలవు, వేళ్ళు విరగవు. ఒక తల్లికి ఇంతకంటే ఏం కావాలి?"

నిజమే. నా భయాలన్నీ ఒక్క దెబ్బకు తీర్చేశారు. అంత తెలివైన మంత్రిని నేను చూడలేదు. నా కళ్ళు మాత్రం గుమ్మం వైపే పోయాయి. మా అమ్మాయి వంగి బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది.

"మా ఆవిడ అభిప్రాయం కూడా ఇదే," అన్నారు మంత్రిగారు. "జనం కూడా పరమానందంగా ఉన్నారు. ఏమ్మా?"

మైకులన్నీ నా వైపు తిరిగాయి. లేచి నిలబడ్డాను. నోరు తెరిస్తే పిల్ల బతుకు పాడవుతుందనిపించింది. తెరవకపోతే ఆ రెండో తాడు కూడా విప్పేస్తుందనిపించింది.

"అయ్యా, జనం ఒక్క మాట అడగొచ్చాండీ?"

"అడగండమ్మా, ప్రజాస్వామ్యం!"

నేను మంత్రిగారి వైపు చూడలేదు. చూస్తే అడగలేను. కిటికీ వైపు తిరిగాను.

"మేడమ్, మా పిల్ల ఆడుతుందా, ఆడదా? అయ్యగారి నోటితో విన్నాను. మీ నోటితో చెప్పండి."

మైకులు ఒక్కొక్కటే నన్ను దాటి కిటికీ వైపు తిరిగాయి. మంత్రిగారు అలవాటుగా నోరు తెరిచారు. తన ముందు ఒక్క మైకూ లేకపోవడం చూసి మళ్ళీ మూసుకున్నారు. సెక్రటరీ కలం పట్టుకుని, ఏం రాయాలో తెలియక ఫ్యాను వంక చూశాడు. మేడమ్ ఇంకా కింద ఖాళీ కోర్టునే చూస్తున్నారు. అయిపోయాం, ఈ రాత్రికే మమ్మల్ని దేశం దాటిస్తారు అనుకున్నాను. విమానం భయం మళ్ళీ పట్టుకుంది.

ఆవిడ కిటికీ నుంచి ఇటు తిరిగారు.

"ఆడుతుంది," అన్నారు. తర్వాత మంత్రిగారి వైపు చూసి, "ఏవండీ, కాస్త లేవండి. అది నా కుర్చీ," అన్నారు.