లెక్కల గ్రూపులోంచి హన్మండ్లును తీసేసిన రోజు

ఆ రెండో శనివారం శైలేందర్ సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, కామారెడ్డిలో జరిగే జిల్లా లెక్కల సార్ల మీటింగులో తన పద్ధతి చూపించాలి, చప్పట్లు కొట్టించుకోవాలి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. ఇల్లు కామారెడ్డిలోనే. బడి మాత్రం ఎల్లారెడ్డిలో. ఏళ్ల తరబడి పొద్దున్నే బస్సెక్కి, తాడ్వాయి దాటాక సీటు దొరికితే దొరికినట్టు, లేకపోతే కడ్డీ పట్టుకుని వేలాడుతూ పోయి పాఠాలు చెప్పి వస్తున్నాడాయన. ఆ రోజు ఎవరి పద్ధతి పెద్దలకు నచ్చితే వాళ్లను కామారెడ్డిలోనే ఉంచి, జిల్లా అంతటా సార్లకు శిక్షణ ఇప్పిస్తారట. అంటే బస్సు పీడ విరగడైనట్టే!

"ఇంకా పోస్టు ఇయ్యనే లేదు. గప్పుడే బస్సు పాసు చెత్తబుట్టల ఏస్తివేంది?" అంది భార్య అనిల, ఉప్మా గిన్నె దించుతూ.

"నాకు రాకపోతే ఇంకెవలికి వస్తది అనిలా? నా దగ్గర డేటా ఉన్నది!" అన్నాడు సారు. ఈమధ్య ఆయన 'దేవుడున్నాడు' అనాల్సిన చోటల్లా 'డేటా ఉన్నది' అంటున్నాడు.

ఇంతకీ ఆ పద్ధతి పుట్టిన కథ వినాలి. ఏ సారైనా పాఠం చెప్పి "అర్థమైందా?" అంటాడు. పిల్లలు "అర్థమైందీ సార్!" అని పైకప్పు లేచిపోయేలా అరుస్తారు. పరీక్ష పెడితే మాత్రం కాగితాలు పెళ్లిచూపులకు వచ్చినంత తెల్లగా, మడత నలగకుండా తిరిగొస్తాయి. ఈ అరుపు మీద శైలేందర్ సారుకు విరక్తి కలిగింది. ఎవరికి నిజంగా అర్థమైందో ఫోనే చెప్పాలని నిశ్చయించుకున్నాడు. అడ్మిషన్ రిజిస్టరులో ఉన్న నంబర్లన్నీ తీసి ఏడో తరగతి లెక్కల గ్రూపు పెట్టాడు. రోజూ సాయంత్రం ఒక లెక్క, కింద నాలుగు జవాబులు. ఒక నంబరు ఒక్కసారే నొక్కాలి. పావుగంట దాటితే లెక్కలోకి రాదు. సరిగ్గా నొక్కినవాళ్లకు చార్టులో ఆకుపచ్చ, లేనివాళ్లకు ఎరుపు.

మొదటి వారం నుంచే చార్టు వానాకాలం చేనులా పచ్చబడిపోయింది. బీడీలు చుట్టే నర్సవ్వ కొడుకు సాయికిరణ్ పేరు రోజూ అందరికంటే పైన. వాడు తరగతిలో పలకరిస్తే తప్ప నోరు విప్పడు. "పిల్లగాడు మొహమాటస్తుడు గని, ఫోన్ల పులి!" అని మురిసిపోయాడు సారు. ఆ మురిపెంలో తరగతిలో ప్రశ్నలు అడగడం మానేశాడు. ఫోను చెబుతుంటే మనిషిని అడగడం దేనికి?

హెడ్‌మిస్ట్రెస్ విమలమ్మకు ఇదంతా మింగుడుపడలేదు. "సార్, ఒక్కసారన్న పిల్లలను బోర్డు దగ్గరికి పిలిచి అడిగిండ్రా?"

"మేడం, చార్టు చూడుండ్రి. అంత పచ్చగ కనవడ్తలేదా?"

"పచ్చగున్నదంత పంట గాదు సార్. గడ్డి గూడ పచ్చగనే ఉంటది," అని ఆమె తన పనిలో పడింది.

ఆ పచ్చదనంలో ఒకే ఒక్క ఎరుపు. మూడో బెంచీలో కూర్చునే త్రివేణి. ఆ పిల్ల తరఫున గ్రూపులో ఉన్నది వాళ్ల నాయన హన్మండ్లు నంబరు. అందులోంచి జవాబు రావడమంటూ వస్తే అందరికంటే చివర వస్తుంది, లేదంటే గడువు దాటాక వస్తుంది. పెరుగన్నంలో వెంట్రుకలా ఆ ఎర్ర గీత సారును రోజూ వేధించేది.

"ఏం త్రివేణీ, నిన్న గూడ ఆలస్యమేనా?" అని ఒకరోజు నిలదీశాడు.

"బాపుకు చెప్పేవరకు టైమైపోతది సార్," అంది ఆ పిల్ల లేచి నిలబడి.

"నువ్వు బాపుకు చెప్పుడేంది? బాపు నీకు చెప్పాలె. ఫోన్ల ముచ్చట్లు పెట్టుకుంటే గిట్లనే అయితది. కూసో!"

త్రివేణి ఇంకేదో అనబోయి, తరగతంతా నవ్వేసరికి కూర్చుండిపోయింది. సారు ఆ పేరు పక్కన 'వెనుకబడిన విద్యార్థిని' అని రాసుకున్నాడు. కామారెడ్డిలో చూపించడానికి అదీ పనికొస్తుంది కదా. తెలివైనవాళ్లనే కాదు, తెలియనివాళ్లను కూడా ఫోను పట్టిస్తుందని చెప్పొచ్చు.

శుక్రవారం బడి వదిలేముందు పిల్లలందరినీ నిలబెట్టి ఆయన ఒక మాట చెప్పాడు. "రేపు పదకొండింటికి పెద్దోల్ల ముంగట గ్రూపుల లెక్క పెడ్త. టకటక జవాబులు రావాలె. నా పరువు మీ చేతుల్ల ఉన్నది!"

"అర్థమైందీ సార్!" అన్నారు పిల్లలు, యథాప్రకారం.

ఇక శనివారం, కామారెడ్డిలో మీటింగు హాలు. ముందు వరసలో జిల్లా నుంచి వచ్చిన పెద్దాఫీసరు సుధారాణి మేడం. వెనక అన్ని మండలాల లెక్కల సార్లు. తెర పక్కన గోడకు అంటించిన పచ్చని చార్టు, అట్టడుగున ఎర్రగా త్రివేణి. మేడం కళ్లజోడు సవరించుకుని "బాగుంది శైలేందర్ గారూ" అన్నారు. ఆ మాటతో సారు చెవుల్లో కామారెడ్డి పోస్టింగు ఆర్డరు గలగలలాడింది.

"ఇప్పుడు ప్రత్యక్షంగ చూపిస్త మేడం," అన్నాడు. అంతలో ఆయనకు ఒక అనుమానం పురుగులా తొలిచింది. ఇంతమందిలో ఆ ఎర్రపిల్ల తప్పు నొక్కితే? అసలు నొక్కకపోతే? ఫోనును ఇంకా తెరకు కలపకుండా పక్కకు తిప్పుకుని, ఎవరూ చూడకుండా హన్మండ్లు నంబరును గ్రూపులోంచి తీసేశాడు. సోమవారం మళ్లీ కలుపుకుంటే సరిపోతుంది, ఎవరికి తెలుస్తుంది? అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

తర్వాత ఫోనును తెరకు కలిపి లెక్క వదిలాడు. ఒక రొట్టెను నాలుగు సమాన ముక్కలు చేసి మూడు ముక్కలు అన్నకు ఇచ్చారు. అందులో సగం అన్న తమ్ముడికి ఇచ్చాడు. తమ్ముడికి వచ్చింది రొట్టెలో ఎంత? కింద నాలుగు జవాబులు. వాటిలో 'ఒకటిన్నర రొట్టె' అనే జవాబును నవ్వులాటకు పెట్టాడు.

ఏమీ రాలేదు. సారు ఫోను ఊపి చూశాడు, కిటికీ దగ్గరికి పోయి చూశాడు. "సిగ్నల్ జర వీక్ ఉన్నట్టుంది మేడం," అని చెమట తుడుచుకున్నాడు. ఇక ఉండబట్టలేక "తొందరగ వత్తుండ్రి!" అని గ్రూపులో రాశాడు.

అప్పుడు పడ్డాయి జవాబులు, టపటపా, రేకుల మీద రాళ్లవానలా. మొట్టమొదట సాయికిరణ్, వాని వెనకే తరగతి మొత్తం. అందరిదీ ఒకటే జవాబు: ఒకటిన్నర రొట్టె.

హాలు ఘొల్లుమంది. సుధారాణి మేడం మాత్రం నవ్వలేదు. "ఉన్నదే ఒక్క రొట్టె గదా. తమ్మునికి ఒకటిన్నర ఎట్ల వచ్చింది? పైగా అందరు ఒకటే తప్పు చేసిండ్రు. మీ ఫస్ట్ ర్యాంకు పిల్లవాడిని పిలవండి, నేను మాట్లాడుత."

సారు సాయికిరణ్ పేరు మీద వీడియో కాల్ నొక్కాడు. గోడంత తెర మీద గోడంత మొహం ప్రత్యక్షమైంది. గుబురు మీసం, పసుపు హెల్మెట్టు, వెనకాల ఇసుక కుప్పలు, ఇనుప చువ్వలు.

"నమస్తే మేడం," అంటూ ఆ మొహం రెండు చేతులూ జోడించబోయి ఫోను కింద పడేసుకుంది.

"సాయికిరణ్ ఏడి?" అన్నారు మేడం.

"వాడు ఎల్లారెడ్డిల ఉన్నడు మేడం. నేను వాని బాపును, రాములును. కువైట్ల ఉంట. గ్రూపుల ఉన్న నంబరు నాదే."

"మరి రోజు జవాబు ఎవరు పెడుతున్నరు?"

"మేమే మేడం. ఈడ మా ఊరోల్లం శానమందిమి ఒక్క క్యాంపులనే ఉంటం. పని దిగినంక అందరం కూసొని వత్తుతం. ఊర్ల ఉన్నోల్లు మావి జూసి వత్తుతరు."

శైలేందర్ సారుకు అప్పుడు వెలిగింది. రిజిస్టరులో నాయనల నంబర్లున్నాయి, నాయనలు కువైట్‌లో ఉన్నారు! గ్రూపు పెట్టిన నాటి నుంచి ఈ ముక్క తన బుర్రకు తట్టనే లేదు. "రాములన్నా, పిల్లలు చేయాల్సిన లెక్క గదనే!" అన్నాడు ఏడుపు గొంతుతో.

"గట్లనకు సార్," అన్నాడు రాములు. "పోరడు ఫోన్ జేస్తే చెప్పులు కావాలె, సైకిల్ కావాలె అని అడుగుతుండె. ఒకనాడు, బాపూ, ఈ లెక్క జెయ్యవా అన్నడు. నాకు మస్తు సంబురమైంది సార్. రాదని చెప్పబుద్ధి గాలే."

హాల్లో నవ్వు తగ్గింది. అంతలో కువైట్ వైపు నుంచి కేకలు వినిపించాయి. పనులన్నీ ఆపి హెల్మెట్లన్నీ ఒకచోట గుమిగూడేసరికి సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "క్యా హై యే? స్ట్రైక్ హై క్యా?"

"నై సాబ్, ఎగ్జామ్ హై!" అన్నాడు రాములు.

సూపర్‌వైజరు తెరలోకి తొంగిచూసి, మేడంకు సలాం కొట్టి, విషయం తెలుసుకుని వేళ్ల మీద లెక్క వేశాడు. "డేఢ్ రోటీ," అని తనూ ఒకటిన్నరే తేల్చేశాడు.

సుధారాణి మేడం నుదురు రుద్దుకున్నారు. "సరే రాములు గారూ, ఇన్ని రోజులు జవాబులన్ని కరెక్టుగా వచ్చినయ్ గదా. ఇవాళ ఏమైంది?"

"మాకేడొస్తయ్ మేడం లెక్కలు! హన్మండ్లన్న చెప్తడు, మేం వత్తుతం. ఇయ్యాల సారే అన్నను గ్రూపులకెల్లి తీసేసిండు, అన్న మనసు నొచ్చుకొని అవతలికి పోయిండు. సార్ తొందరజేస్తుంటే నేనే మూడుల సగం ఒకటిన్నర అనుకొని వత్తిన. అందరు నా ఎనుకనే వత్తిండ్రు."

హాలంతా శైలేందర్ సారు వైపు తిరిగింది. ఆయన తన బూట్ల వైపు తిరిగాడు. తెర మీదికి మరో హెల్మెట్టు వచ్చింది. సన్నగా, ఎండకు నల్లబడిన మనిషి. హన్మండ్లు. ఆ మనిషి మొహంలో కోపం లేదు, చిన్నబుచ్చుకున్న మొహం.

"నన్నెందుకు తీసినవ్ సార్? ఏం తప్పు జేసిన?"

సారు చొక్కా జేబు సర్దుకున్నాడు. మేడమే అందుకున్నారు. "హన్మండ్లు గారూ, మీరు ఎంతదాక చదివిండ్రు?"

"నేనేం చదువలే మేడం. నా బిడ్డ త్రివేణి చెప్తది. లెక్క రాంగనే ఇంటికి ఫోన్ జేస్త. ఆమె మెల్లగ ఇడమర్చి చెప్తది. నేను ఈల్లందరికి జెప్త. అందరు వత్తినంక నేను వత్తుత. గప్పటికే టైమైపోతది." హెల్మెట్టు సవరించుకున్నాడు. "నాకు అర్థం గాకుంటె కోపం జేస్తది మేడం, పెద్ద పంతులమ్మ తీర్గ. గంత దూరంకెల్లి బిడ్డతోని తిట్లు తింటుంటె, ఇంటికాడ ఉన్నట్టే ఉంటది నాకు."

అందరి కళ్లూ ఒకేసారి చార్టు అడుగుకు జారాయి. ఎర్రగా, ఒంటరిగా, త్రివేణి. వెనుకబడిన విద్యార్థిని. ఎల్లారెడ్డి నుంచి కువైట్ పోయిన లెక్క మళ్లీ ఎల్లారెడ్డికే వచ్చి, ఆ పిల్ల నోటి నుంచి కువైట్ పోయి, అక్కడి నుంచి ఈ చార్టు మీదికెక్కి పచ్చగా మెరుస్తోందన్నమాట!

మేడం అడగకముందే హన్మండ్లు కూతురిని కాల్‌లో కలిపాడు. త్రివేణి తెరకు ఒక మూలన కనిపించింది. వెనక వాకిట్లో ఎండేసిన మిరపకాయలు. ఇంతమందిని చూసి కాస్త జంకింది కానీ, లెక్క వినగానే జంకు వదిలేసింది.

"అన్న తాన మూడు ముక్కలున్నయ్ గద బాపూ. ఒక్కోటి రెండు జెయ్యి. ఎన్నైనయ్? ఆరు. తమ్మునికి సగం అంటే మూడు చిన్న ముక్కలు. రొట్టె మొత్తం గట్లనే కోస్తే ఎన్నయితయ్? ఎనిమిది. ఎనిమిదిల మూడు తమ్మునియి. అర్థమైందా?"

"అర్థమైందీ!" కువైట్ హెల్మెట్లన్నీ ఒక్క గొంతుతో అరిచాయి. సూపర్‌వైజరు గొంతు కూడా అందులో ఉంది.

"ఉత్తగ అనకుండ్రి," అంది త్రివేణి. "రాములు పెద్దనాయినా, నువ్వు మల్ల చెప్పు."

రాములు హెల్మెట్టు తీసి తల గోక్కున్నాడు. ఆరు దాకా వచ్చి ఆగిపోయాడు. త్రివేణి విసుక్కోకుండా మళ్లీ మొదటి ముక్క దగ్గరికి తీసుకుపోయింది. రెండోసారికి రాములు "ఎనిమిదిల మూడు!" అని తనే ఉలిక్కిపడ్డాడు. హాల్లో చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల కోసమే పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన శైలేందర్ సారు కూడా కొట్టాడు. సిగ్గుతో ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"త్రివేణీ, తప్పు నాదే బిడ్డా," అన్నాడు. "ఒక్కనాడన్న నిన్ను బోర్డు దగ్గరికి పిలిచి అడుగకపోతి."

"ఏం గాదు సార్. బాపును మల్ల గ్రూపుల ఏస్తరా?"

వేశాడు. సుధారాణి మేడం కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "శైలేందర్ గారూ, మీ పద్ధతి కువైట్ దాకా పోయింది గని, మీ క్లాసుల మూడో బెంచీ దాకా పోలేదు. జిల్లా సంగతి నేను చూసుకుంట. మీరు ఎల్లారెడ్డి చూసుకోండి."

సోమవారం సారు ఫోను జేబులోంచి తీయలేదు. ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచాడు. సాయికిరణ్ రొట్టె బొమ్మ గుండ్రంగా గీసి, తమ్ముడికి ఒకటిన్నర ఇచ్చాడు. వాడి వెనక వచ్చినవాళ్లూ తమ్ముడి మీద అంతే ప్రేమ చూపించారు. ముక్కలు కోసీ కోసీ సారు గొంతు పోయింది. త్రివేణి కూడా ఒక బెంచీల వరసకు చెప్పే పని పంచుకుంది. కామారెడ్డి బస్సు వెళ్లిపోయాక ఆయన గేటు బయటికి వచ్చేసరికి, బీడీల గంప చంకన పెట్టుకుని నర్సవ్వ నిలబడి ఉంది.

"సార్, ఊరంత ఏదేదో అంటుండ్రు. జర నిజం జెప్పు. మా ఇంట్ల ఎవలు పాసైండ్రు, ఎవలు ఫేలైండ్రు? కొడుకా, మొగడా?"

"ఇద్దరు ఫేలే నర్సవ్వా," అన్నాడు శైలేందర్ సారు. "నన్ను గూడ కలిపితె ముగ్గురం."