పసుపు కొమ్ము

ఆ శుక్రవారం ఫ్రాంక్లిన్ వేసుకున్న ప్లాను చిన్నది. స్నానం చెయ్యాలి, కొమ్ముకు తేనెమైనం రుద్దాలి, తానుండే హారిసన్‌లో ట్రామెక్కి యూనివర్సిటీకి వెళ్లి సాయంత్రంలోగా లోర్నా చేతిలో పెట్టాలి.

కొమ్మంటే ఎద్దుకొమ్ము. వెనకటికి వేటగాళ్లు తుపాకి మందు తడవకుండా అందులో పోసి, భుజానికి వేలాడదీసుకుని తిరిగేవారు. మ్యూజియం వస్తువులు బాగుచేసే కోర్సులో చివరి పని అదే. అలాంటి కొమ్మొకటి పాతపద్ధతిలో చేత్తో చేసి, వాడినదానిలా రంగు తేవాలి. ఫ్రాంక్లిన్ మొదట చేసినదాన్ని టీచర్ లోర్నా రెండు వేళ్లతో తిప్పి చూసి వెనక్కిచ్చింది.

“దీన్ని ఎవరూ ముట్టుకున్నట్టు లేదే,” అంది. “వాడిన కొమ్ముకి చెయ్యి పడ్డ చోట రంగు పోతుంది, పడని చోట నిలుస్తుంది. ఇది ఇప్పుడే కొట్లోంచి దిగినట్టుంది.”

ఇంకొక్క అవకాశం ఇచ్చింది. అదీ పోతే కోర్సు పోతుంది. కోర్సు పోతే వీసా ఉండదు.

రెండో కొమ్మును ఫ్రాంక్లిన్ గరాజ్‌లో కూర్చుని గాజుముక్కతో గీరాడు. సూదితో ఓడనూ నదినీ చెక్కి, గీతల్లో మసి రుద్దాడు. ఉల్లిపొట్టూ వెనిగరూ మరిగించిన నీళ్లలో ముంచాడు. రంగు చాల్లేదు. ఇంటావిడ జ్ఞానకుమారి ఆంటీ పాలకొల్లు నుంచి తెప్పించుకున్న పసుపు డబ్బాలోంచి నాలుగు చెంచాలు తీసి ఆ నీళ్లలో కలిపాడు. రంగు లోపలా బయటా పట్టింది. వెడల్పు వైపు చెక్క బిళ్ల బిగించి, కొసకు బిరడా పెట్టి ఆరబెట్టాడు. చెయ్యి పడ్డ జాడ మాత్రం రాలేదు. ఇసక కాగితంతో రుద్దితే జాడకు బదులు గీతలు పడ్డాయి. ఇక దేవుడి మీద భారం వేసి మైనం రుద్దేద్దామనుకున్నాడు.

దేవుడి సంగతి ఆంటీ అంతకుముందే చూసుకుంది. మొదటి కొమ్ము వెనక్కొచ్చిన రోజున, అన్నం ముందు తలవంచుకు కూర్చున్న ఫ్రాంక్లిన్‌కు ఆవిడే ధైర్యం చెప్పింది.

“ఏడవకురా అబ్బాయ్. నీ చేత్తో ఏదో ఒకటి చేసి దేవుడికి కానుక పెట్టు. పాసవ్వకపోతే నన్నడుగు.”

ఫ్రాంక్లిన్ ఆ మాట మరిచిపోయాడు. ఆవిడ మరవలేదు. వారాల తరబడి గరాజ్‌లో కుర్రాడు వంగి కూర్చుని కొమ్ము గీరుతుంటే, కానుక తయారవుతోందని ఆవిడ లెక్క వేసుకుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఆవిడ ఇంట్లోనే.

ఫ్రాంక్లిన్ స్నానం చేసి వచ్చేసరికి గరాజ్‌లో బల్ల ఖాళీగా ఉంది. హాల్లోకి పరిగెత్తాడు. టీపాయ్ మీద తెల్లగుడ్డ, దాని మీద కొమ్ము. బిరడా పక్కన ఉంది. ఆంటీ గరాటు పెట్టి ఆలివ్ నూనె పోస్తోంది. చుట్టూ హారిసన్ నుంచీ చుట్టుపక్కల నుంచీ వచ్చిన సంఘం ఆడవాళ్లు, మధ్యలో పాస్టరుగారు. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు.

“మమ్, దట్స్ హిజ్ అసైన్‌మెంట్,” ఆంటీ కూతురు జెన్సీ గొణిగింది.

“ప్రేయర్లో ఇంగ్లీషేంటే? కళ్లు మూసుకో.”

ప్రార్థన మధ్యలో నోరెత్తడం ఫ్రాంక్లిన్ పుట్టి పెరిగిన ఇంట్లో లేదు. ఆమెన్ కోసం ఆగాడు. ఈలోగా కొమ్ము నిండింది.

“పూర్వం రాజుల్ని అభిషేకించింది కొమ్ము నూనెతోనే,” అన్నారు పాస్టరుగారు కళ్లు తెరిచి. “మనం ఇన్నేళ్లూ ప్లాస్టిక్ సీసాతో కానిచ్చాం. ఈ బిడ్డ సిగ్గు తెచ్చాడు మనకి. రా బాబూ, ఇలా కూర్చో.”

“అయ్యగారూ, అది కానుక కాదండి.”

“తగ్గింపు గుణం మంచిదే.”

“కాదండి. అందులో నూనె పొయ్యకూడదండి.”

“మరేం పోస్తారు నాయనా?”

అందరూ ఫ్రాంక్లిన్ వైపు తిరిగారు. ఇల్లు ఆవిడది. ఉన్నది స్టూడెంట్ వీసా మీద. పరాయి దేశంలో, ప్రార్థన కూడికలో, అద్దెకున్న కుర్రాడు ‘తుపాకి మందు’ అనే మాట ఎలా అనాలో అతనికి తోచలేదు.

“ఏం లేదండి, అయ్యగారూ,” అని కూర్చున్నాడు.

కొమ్ము చేతులు మారడం మొదలెట్టింది. ఒక్కొక్కరే దాన్ని గుండెలకు ఆనించుకుని కొడుకు ఉద్యోగం, అత్తగారి మోకాలు, ఇక్కడే ఉండిపోవడానికి పెట్టుకున్న పీఆర్ అప్లికేషన్ చెప్పుకుంటున్నారు. ఏసీ ఆపేశారు. చేతులకు చెమట, కొమ్ముకు నూనె. ఫ్రాంక్లిన్ కళ్లు మూసుకోలేదు. వాళ్ల అరచేతులు పచ్చగా మారడం చూస్తున్నాడు. పసుపు నీళ్లకు లొంగదు గాని నూనెకు లొంగుతుంది. ఆ సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

పాస్టరుగారు కొమ్ము అందుకుని, వేలి మీద నూనె వొంపుకుని, వరసగా నుదుళ్లు ముట్టుకుంటూ వచ్చారు. మొదటి నుదుటి మీద పసుపు బొట్టు పడింది. రెండో నుదుటి మీదా పడింది. బొట్టు పెట్టుకోని ఆ సంఘంలో ఒక్క నుదురూ మిగల్లేదు. చివర్న పాస్టరుగారు తన నుదుటి చెమట తుడుచుకున్నారు, అదే చేత్తో.

ఆ ఒక్క ప్రార్థన ఎప్పటికీ ముగియకపోతే బాగుండునని ఫ్రాంక్లిన్ కోరుకున్నాడు.

కాలింగ్ బెల్ మోగింది. పక్కింటి శ్యామసుందరి ఆంటీ. ఎవరి కారో తన డ్రైవ్‌వేకి అడ్డంగా ఉందని చెప్పడానికి వచ్చింది. తలుపు తీసిన జ్ఞానకుమారిని చూసింది. ఆమె భుజం మీదుగా హాలంతా చూసింది. కారు మాట మరిచిపోయింది.

“ఏమ్మా కుమారీ, పేరంటం పెట్టుకుని పక్కింటిదాన్ని పిలవలేదేం?”

హాల్లో కళ్లు తెరుచుకున్నాయి. ఒకరి నుదురు ఒకరు చూసుకున్నారు. ఒకావిడ చెంగుతో తుడుచుకుంది. బొట్టు చెవిదాకా సాగింది.

“ఫ్రాంక్లిన్! ఏం కలిపావురా ఇందులో?”

“పసుపండి.”

“ఎక్కడి పసుపు?”

“మీ డబ్బాలోదే ఆంటీ.”

“పాలకొల్లుదా!”

ఆవిడకు బొట్టుకు కోపమొచ్చిందో పసుపుకు కోపమొచ్చిందో తెలియలేదు.

“అసలు ఇదేంటి బాబూ?” అన్నారు పాస్టరుగారు.

“పాతకాలంలో తుపాకి మందు పోసుకునే కొమ్మండి.”

పాస్టరుగారు దాన్ని రెండు చేతులతో టీపాయ్ మీద దించి, ఒక అడుగు వెనక్కి వేశారు. ఫ్రాంక్లిన్ దాన్ని అందుకుని, నూనె సింకులో వొంపి, బిరడా బిగించి, తువ్వాలులో చుట్టుకుని ట్రాముకు పరిగెత్తాడు.

ట్రామ్‌లో తువ్వాలు విప్పి చూశాడు. కొమ్ము నడుం దగ్గర రంగు పోయింది. కొస దగ్గర పోయింది. చెక్కిన గీతల్లో, వంపు లోపలా మాత్రం నిలిచింది. బాగుచెయ్యడానికి చేతిలో ఏమీ లేదు. ఇంటికి ఏమని ఫోన్ చెయ్యాలో ఆలోచిస్తుండగానే స్టాపు వచ్చింది.

లోర్నా కొమ్మును రెండు వేళ్లతో తిప్పింది. తర్వాత చెయ్యంతా ఆనించి పట్టుకుంది. ఆవిడ వేళ్లు రంగు పోయిన చోటే పడ్డాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. ఫ్రాంక్లిన్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“ఈ అరుగుదల ఎలా తెచ్చావు?”

“చాలామంది పట్టుకున్నారు.”

“ఎన్నాళ్లు?”

“ఒక ప్రార్థనసేపు.”

ఆవిడ బిరడా తీసి వాసన చూసింది. “ఇందులో మందు పోస్తే పేలదు.”

“తెలుసు.”

“లోపలికి సున్నా,” అంది లోర్నా. “బయటికి పూర్తి మార్కులు. పాసయ్యావు. కొన్నాళ్లు ఇది మా అద్దాల బీరువాలో ఉండనీ.”

ఇంటికి వచ్చేసరికి ఆంటీ శనగపిండితో నుదురు రుద్దుకుంటోంది.

“ఏమైంది?”

“పాసయ్యానండి.”

“నేను చెప్పలా?” అంది ఆవిడ, రుద్దడం ఆపకుండానే. “పసుపు డబ్బా కొనిచ్చి మాట్లాడు.”

ఆదివారం పాస్టరుగారు అభిషేకపు నూనె ప్లాస్టిక్ సీసాలోనే తెచ్చారు. జుట్టు నుదుటి మీదికి దువ్వుకుని వచ్చారు.