బావమరిది విమానం

ఆ రోజు పొద్దున్నే వీధిలో పడుగు నూలు పరిచి, ఎండ ముదరకముందే గంజి పెట్టేయాలని కాశన్న అనుకున్నాడు. రాజంపేట దగ్గరున్న ఆ నేతపల్లెలో అంతకంటే పెద్ద ఆలోచనలు ఎవరూ పెట్టుకోరు. ఇంతలో ముందురోజే బొంబాయి నుంచి వచ్చిన బట్టల వ్యాపారి గోపన్న నేరుగా గంజికుండ దగ్గరికే వచ్చాడు.

"ఏమప్పా, నీ బావమరిది బసవరాజు ఈ పొద్దు మద్రాసు పోతాండాడు. అదీ విమానంలో! వాళ్ళ బొంబాయి సేటు తోడుగా పిల్చుకపోతాండాడు."

తిరునాళ్ళలో బావతో మాటామాటా వచ్చి, బసవరాజు మూడేళ్ళుగా అక్క ఇంటికి రావడం మానేశాడు. నోరు జారింది కాశన్నే. భార్య హనుమమ్మ తమ్ముణ్ణి తలుచుకుని కళ్ళు తుడుచుకున్నప్పుడల్లా అతనికి ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు భార్యను సంతోషపెట్టాలన్న తొందరలో తెలిసినదీ తెలియనిదీ కలిపి చెప్పేశాడు.

"మే, బొంబాయి నుంచి మద్రాసుకు రైల్లో అయితే ఒక పగలూ ఒక రాత్రీ దాటుతాది. విమానానికి ఒక పూట శాలు. మద్దేన్నానికి మన నెత్తిమీదే పోతాది."

"నెత్తిమీద పోతా, అక్క ఇంట్లో చెయ్యి కడగకుండా పోతాడా? ఊరు నవ్వదా? ఆపయ్యా దాన్ని!"

"చెయ్యెత్తితే మోటారు బస్సే ఆగుతాది. దీనిదేముంది!" అన్నాడు కాశన్న. అతను విమానాన్ని అంతవరకూ చూసి ఎరగడు.

గంజి చల్లారిపోయింది. హనుమమ్మ ఓళిగల్లో తీపి పూర్ణానికి పప్పు ఉడకేసింది. ఊరి రైతు నాగప్ప తన చేను చదును చేసి, విమానం బెదరకుండా మేకల్ని దూరంగా తోలాడు. విమానం తాగడానికి తొట్టినిండా నీళ్ళు పోయించాడు. పక్కింటి గిడ్డమ్మ మద్రాసులో ఉన్న కొడుక్కని ఊరగాయ జాడీ తెచ్చింది. దిగే చోటు తెలియాలని కాశన్న మగ్గం మీంచి కోసిన ఎర్రచీరలన్నీ చేలో పరిచాడు. మధ్యాహ్నానికి ఊరంతా చేలో చేరింది, ఊళ్ళో తలుపులన్నీ మూతపడ్డాయి.

విమానం నిజంగానే వచ్చింది. జనం కేకలు పెట్టారు, తప్పెట కొట్టారు. అది గాలికి కాబోలు రెక్కలు అటూ ఇటూ వాల్చి, అలాగే వెళ్ళిపోయింది.

"చూడండ్రా, రానురానని తల ఊపినాడు!" అని అరిచింది గిడ్డమ్మ.

హనుమమ్మ ఓళిగల గంప కింద పెట్టేసి భోరుమంది. "వాన్ని ఇంక నా గడప తొక్కనిస్తే నామీద ఒట్టు!" అంది ఊరందరి ముందూ. కాశన్నకు నేల చీలితే బాగుండుననిపించింది.

అందరూ ఇంటికొచ్చేసరికి అరుగు మీద బసవరాజు మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎంతసేపటి నుంచో ఈడ్నే ఉండా అక్కా. నా మొగం చూడగూడదని ఊరు ఊరే లేసిపోయిందా?"

"నువ్వు విమానంలో పోలేదా?"

"నా చోట్లో సేటు సరుకు మూట పెట్టుకున్న్యాడు. నన్ను నిన్ననే రైలెక్కిచ్చినాడు. నిన్ను శానా చూడబుద్దయ్యి దోవలో దిగినా."

హనుమమ్మ తమ్ముణ్ణి వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది, చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అతను గడప మీదికి కాలెత్తాడు.

"హనుమమ్మా, ఒట్టు!" అంది గిడ్డమ్మ.

ఎత్తిన కాలు గాలిలోనే ఆగింది. అక్క ఊరి మొహం చూసింది, తమ్ముడి మొహం చూసింది, గబగబా ఆకు తెచ్చి అరుగు మీదే వేసింది. బసవరాజు అక్కడే కడుపునిండా తిన్నాడు. కాశన్న పక్కన కూర్చుని విసనకర్రతో విసిరాడు.

బొంబాయి నుంచి ఆ అరుగు దాకా బసవరాజుకు ఒక పగలూ ఒక రాత్రీ పట్టాయి; అరుగు మీంచి ఇంట్లోకి పోవడానికి మాత్రం, ఊరు ఆ ఒట్టు మరిచేదాకా, ఆరు నెలలు పట్టింది.