చమేలి నిలబడ్డ తొంభై రోజులు

ఆ సోమవారం పొద్దున టాంగా చంద్రప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. తొలి రైలుకు జహీరాబాద్ స్టేషన్ ముందు నిలబడాలి, ఝరాసంగం గుడి దర్శనానికి పోయే నలుగురిని ఎక్కించుకోవాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి భార్య బస్వమ్మ చేసే జొన్నరొట్టె, పుంటికూర తిని ఒక కునుకు తీయాలి. ఇందులో ఏ ఒక్కటీ జరగలేదు. చమేలి కుడి ముందుకాలు నేల మీద మోపలేదు.

చమేలి అతని గుర్రం. ఎనిమిదేళ్ల ఎర్ర ఆడగుర్రం. నడకలో ఎంత నేర్పరో నటనలో అంతకు రెండింతలు నేర్పరి. ఎండ ముదిరితే కుంటేది, బాట ఎత్తు ఎక్కుతుంటే కుంటేది, మేత కనబడగానే నాలుగు కాళ్లతో ఉరికేది. అందుకని చంద్రప్ప దాని కాలెత్తి శ్రద్ధగా చూశాడు. గాయం లేదు, వాపు లేదు, మేకు దిగిన గుర్తు లేదు.

"నీ నకరాలు నాకు తెల్వయా" అని చర్నాకోల అందుకున్నాడు.

ఆ రోజు రెండు దెబ్బలు, మర్నాడు నాలుగు. చమేలి రెండు రోజులూ మూడు కాళ్ల మీద స్టేషన్ దారిలో సగం దాకా పోయి, అక్కడ చెమటలు కక్కుతూ నిలిచిపోయింది. మూడో రోజు పొద్దున అసలు లేవలేదు. అప్పుడు గానీ చంద్రప్పకు పశువుల డాక్టరు గుర్తుకు రాలేదు.

డాక్టరు రామచందర్ పెద్ద పట్టకారు తెచ్చి డెక్కను చుట్టూ నొక్కుకుంటూ పోయాడు. ఒక్కచోట చమేలి ఒళ్లంతా వణికింది. ఎముక విరిగిందని డాక్టరుకు అర్థమైంది.

"డెక్క లోపట బొక్క ఉంటది చంద్రప్పా. అది పగిలింది. రాయి మీద గట్టిగ పడ్డదా?"

ఆదివారం సాయంత్రం ముందు పోతున్న టాంగాను దాటాలన్న సరదా కొద్దీ రాళ్లబాట మీద దౌడు తీయించిన సంగతి చంద్రప్పకు అప్పుడు యాదికొచ్చింది.

"పడ్డది సార్. మరి మీద ఏం కనవడలే గద?"

"కనవడదు. డెక్క కప్పేస్తది. లోపట మాత్రం అడుగేసినప్పుడల్లా పగిలిన ముక్కలు ఒకదానికొకటి ఒరుసుకుంటయి. పడ్డంక నడిపించినవా?"

"నడిపించిన" అన్నాడు చంద్రప్ప. చమేలి మెడ నిమిరి, "కొట్టిన గూడ" అన్నాడు.

డాక్టరు పట్టకారు సంచిలో పెట్టుకున్నాడు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే చంద్రప్పకు ఎంతో బాగుండేది.

గుర్రాల డెక్కలకు నాల్, అంటే లాడం, కొట్టే ఖాజాను పిలిపించారు. అతను డెక్క వెడల్పు కాకుండా వెనకవైపు కూడా మూసి ఉన్న గుండ్రటి నాల్ చేసి, పక్కలకు రెండు ఇనుప పట్లు పెట్టి బిగించాడు. డాక్టరు పోతూ పోతూ వైద్యమంతా ఒక్క మాటలో చెప్పాడు. "తొంభై దినాలు గిది గీ జాగల్నే నిలవడాలె. తిరిగితే బొక్క అతకది. అతకకుంటే..." ఆ తర్వాతది చంద్రప్పకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నడవని టాంగా గుర్రాలు ఎక్కడికి పోతాయో ప్రతి టాంగావాడికీ తెలుసు.

కానీ చమేలి నిలబడితే కదా. ఒంటరిగా కొట్టంలో పెట్టగానే గిరగిరా తిరిగింది, నేల గీరింది, గోడను ఒరిసింది. కాలు పడ్డప్పుడల్లా చంద్రప్ప తన ఎముకే విరుగుతున్నట్టు కళ్లు మూసుకున్నాడు. రెండో రోజు బస్వమ్మ ఇదంతా చూసి, "స్టేషన్ల గంటలకు గంటలు బొమ్మ లెక్క నిలవడ్తది గద. వెనక టాంగా లేక పరేషాన్ అయితుందేమో, తెచ్చి పెట్టరాదు" అంది.

టాంగా తెచ్చి కొట్టం వాకిట్లో, చమేలికి అటూ ఇటూ కర్రలు వచ్చేట్టు పెట్టాడు. గుర్రం మీద బరువు పడకుండా ముందొక రాయి, వెనకొక మొద్దు ఆసరా ఉంచాడు. చమేలి కొంచెం నిమ్మళించింది. చంద్రప్ప ఎక్కి కూర్చుని ఉత్త కళ్లేలు పట్టుకున్నాడు. ఇంకొంచెం నిమ్మళించింది. అంతలో రైలు కూత వినబడేసరికి పదిహేనేళ్ల అలవాటు కొద్దీ అతని నోట "ఝరాసంగం, ఝరాసంగం, ఒక్క సవారి" అని అరుపు వెలువడింది. చమేలి తల దించి, కళ్లు సగం మూసి, నిలువునా నిద్రలోకి జారింది. మందు దొరికిందని చంద్రప్పకు ఏడుపొక్కటే తక్కువ.

చిక్కల్లా ఇల్లు స్టేషన్ వెనక గల్లీలో ఉండటం. ఆ అరుపు విని కోహీర్ నుంచి రైల్లో దిగిన మణెమ్మ అనే ముసలావిడ గంప చంకన పెట్టుకుని తిన్నగా వచ్చి టాంగా ఎక్కింది.

"అవ్వా, గిది పోదు."

"ఎప్పుడు పోతది?"

"మూడు నెల్లకు."

"ఇంకెందరు రావాలె బిడ్డా?" అని ఆవిడ గంప సర్దుకుంది.

ఆవిడను తప్పు పట్టడానికి లేదు. జహీరాబాద్ టాంగావాళ్లు "ఇగో పోతున్నం" అంటే ఇంకో గంట పోరని చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ తెలుసు. అలాంటిది ఒకడు పోదు, పోదు అంటున్నాడంటే వాడు నిజాయితీపరుడు, ఆ టాంగా ఇప్పుడో ఇంకాసేపటికో కదలడం ఖాయం. మణెమ్మ వెనకే ముగ్గురు ఎక్కారు. గొంతు పెంచితే గుర్రం బెదురుతుందని చంద్రప్ప వాళ్లను గుసగుసగా బతిమాలాడు. గుసగుసగా మాట్లాడే టాంగావాడిని ఎన్నడూ చూడని సవారీలకు అతని మీద గౌరవం ఇంకా పెరిగింది. బస్వమ్మ తలా చెంబెడు మంచినీళ్లు ఇచ్చింది. దాంతో మర్నాడు ఇంకా ఎక్కువమంది వచ్చారు.

అరవడం మానేద్దామని చూశాడు. మానితే చమేలి నేల గీరేది. అందుకని ప్రతి రైలుకూ అరవడం, ఎక్కినవాళ్లకు పోదని చెప్పడం, చెప్పాక దిగనివాళ్లకు దణ్ణం పెట్టడం అతని నిత్యకృత్యమైంది. కొందరు తిట్టి పోయేవాళ్లు. తిట్టినప్పుడల్లా, తాను కొట్టిన ఆరు దెబ్బల్లో ఒకటి చెల్లుతున్నట్టు చంద్రప్ప తల వంచుకునేవాడు. ఆరు ఎప్పుడో దాటిపోయాయి గానీ మనసు తేలికపడలేదు.

నెలన్నర గడిచాక టాంగా స్టాండు పెద్ద రామ్‌కిషన్ ముగ్గురు టాంగావాళ్లను వెంటేసుకుని వచ్చాడు. స్టాండులో ఎవరి నంబరు వస్తే వాళ్లే సవారీని ఎక్కించుకోవాలన్నది చట్టం కంటే గట్టి కట్టుబాటు.

"నంబర్ లేకుంట సవారీలను గుంజుకుంటున్నవట?"

"నేను ఎవ్వల్ని ఏడికీ తీస్కపోతలే రామ్‌కిషన్ భాయ్."

"గదే గద లొల్లి. తీస్కపోతే ఒక్కసారి పోతరు. నువ్వు దినమంత కూసోబెట్టుకుంటున్నవు."

నిజంగానే ఇది కదలని టాంగానా, లేక గుట్టుగా నడుస్తోందా అని తేల్చుకోవడానికి రామ్‌కిషన్ వెనక సీటు ఎక్కాడు. సాక్ష్యానికి ముగ్గురూ ఎక్కారు. అప్పటికే మణెమ్మ ఉంది. ఆవిడకు ఇప్పుడు ఝరాసంగం పని లేకపోయినా, కోహీర్ నుంచి వచ్చినప్పుడల్లా నీడకని ఇక్కడే కూర్చుంటోంది. అంత బరువుకు వెనక మొద్దు ఒక్కసారిగా జారింది. టాంగా కర్రలు ఆకాశంలోకి లేచాయి. స్టాండు పెద్ద, అతని సాక్షులు, మణెమ్మ గంపలోని మక్కకంకులు, వాటి మీద మణెమ్మ, వరసగా గల్లీలో పడ్డారు.

చంద్రప్ప వాళ్ల వైపు చూడనైనా లేదు. ముందు సీటు మీంచి దూకి చమేలి కాలు దగ్గర కూలబడ్డాడు. ఇన్ని రోజుల నిలుపు ఒక్క ఉలికిపాటుతో పోయిందనే అనుకున్నాడు. చమేలి మాత్రం మెడ తిప్పి పడ్డవాళ్లను ఒకసారి చూసి, స్టాండులో ఇలాంటివి మామూలే అన్నట్టు మళ్లీ కళ్లు మూసుకుంది. డెక్క అంగుళం కదల్లేదు. చంద్రప్ప ఆ కాలు పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు.

రామ్‌కిషన్ నడుము పట్టుకుని లేచి, "ఎందుకేడుస్తవ్, దానికేం కాలే గద" అన్నాడు.

"నేను కొట్టినప్పుడు గూడ గిట్లనే సప్పుడు జెయ్యక నిలవడ్డది భాయ్. నేనే నకరాలు అనుకున్న."

అక్కడున్న నలుగురు టాంగావాళ్లలో గుర్రాన్ని కొట్టనివాడు లేడు. మర్నాటి నుంచి నంబరు ప్రకారం రోజుకొకడు వచ్చి చంద్రప్ప టాంగాలో కూర్చుని ఝరాసంగం, ఝరాసంగం అని అరిచిపోయేవాడు. ఎక్కబోయినవాళ్లకు అందరూ ఒకే మాట చెప్పేవాళ్లు: ఇది పోదు. అయినా ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు.

తొంభై రోజులు నిండాక డాక్టరు వచ్చి పట్టకారుతో నొక్కాడు. చమేలి ఆవలించింది. ఇంకో నెల రోజులు బరువు కట్టకుండా, చంద్రప్ప ముందు నడుస్తూ చేత్తో పట్టుకుని తిప్పాలన్నాడు. అదీ అయింది. ఖాజా గుండ్రటి నాల్ తీసి మామూలు నాల్ కొట్టాడు. ఒక సోమవారం పొద్దున చమేలికి టాంగా కట్టారు. నలుగురు నిజమైన సవారీలు ఎక్కారు. గల్లీ గల్లీ అంతా చూడటానికి వచ్చింది, డాక్టరు, రామ్‌కిషన్ కూడా వచ్చారు. చంద్రప్ప ఎక్కి కూర్చుని కళ్లేలు పట్టి, "చల్ బేటీ" అన్నాడు.

చమేలి తల దించి, కళ్లు సగం మూసి, నిద్రపోయింది.

అదిలించారు, బెల్లం చూపించారు, వెనక నుంచి తోశారు. డాక్టరు మళ్లీ కాలెత్తి చూసి నవ్వాడు. "బొక్క మంచిగ అతికింది చంద్రప్పా. దీనికి కాలు నొస్తలేదు. గిది నకరాలు చేస్తుంది. ఒక్కటెయ్యి, పోతది."

"గా మాట నేను ఒకపారి అన్న సార్" అన్నాడు చంద్రప్ప.

రామ్‌కిషన్ తన చర్నాకోల అందించాడు. చంద్రప్ప తీసుకోలేదు. టాంగా దిగి, నెల రోజులుగా నడిచినట్టే చమేలి ముందుకు పోయి, వెనక్కి చూడకుండా నడవసాగాడు. చమేలి కళ్లు తెరిచి, అతను దూరమవుతుంటే చూసి, టాంగాను లాక్కుంటూ చకచకా అతని వెనక బయలుదేరింది. నాలుగు కాళ్లూ సమానంగా పడుతున్నాయి. ఆ చప్పుడు వింటూ చంద్రప్ప కళ్లు తుడుచుకున్నాడు. మధ్యలో రెండుసార్లు ఎక్కి కూర్చోబోయాడు. రెండుసార్లూ చమేలి నిలబడి నిద్రపోయింది.

ఝరాసంగం చేరేసరికి చంద్రప్ప కుడికాలు ఈడ్చి ఈడ్చి కుంటుతున్నాడు. దిగిన నలుగురు సవారీలూ అతన్ని కింది నుంచి మీది దాకా చూసి, గాయమేమీ కనబడకపోయేసరికి, నకరాలు చేస్తున్నాడని తేల్చేశారు.