అద్దం మీద అన్నీ ఉండగా రోడ్డెందుకు?

కారు నడిపేవాడు రోడ్డు చూసి తీరాలన్నది పాతకాలపు మూఢనమ్మకం. మీరు తిట్టుకున్నా సరే, బల్లగుద్ది చెబుతున్నాను. ముప్పై ఏళ్లుగా ఆ రోడ్డునే చూస్తున్నాను కదా, ఏముందండీ అందులో? గుంతలు, ఆ గుంతల పక్కన మరికొన్ని గుంతలు.

నా కొత్త కారులో ఆ బెడద లేదు. స్టీరింగ్ వెనకనుంచి వెలుగు పైకి వచ్చి, ముందు అద్దం మీద అంకెలై నిలబడుతుంది. హెడ్ అప్ డిస్‌ప్లే అంటారు దాన్ని. స్పీడెంతో తెలుసుకోవడానికి తల దించక్కర్లేదు. ఇంట్లోనూ ఆఫీసులోనూ తల దించుకునే బతికిన నాబోటివాడికి ఇదెంత గౌరవమో ఆలోచించండి!

కారు అప్పగించేటప్పుడు షోరూమ్ ఆవిడ ఓ సలహా పారేసింది. "స్పీడూ, దారి చూపించే బాణమూ ఉంచుకోండి సార్. మిగతావన్నీ ఆపేసుకుంటే మంచిది. వెలుగు కూడా కాస్త తగ్గించుకోండి." విన్నారా అన్యాయం? అన్నీ ఉన్న కారు కొనుక్కున్నది ఆపేసుకోవడానికా?

ఇంటికి రాగానే అన్నీ ఆన్ చేసేశాను. ఇప్పుడు నా అద్దానికి ఎడమపక్క ఎండ ఎన్ని డిగ్రీలో ఉంటుంది. దాని కింద పాట పేరు, కుడిపక్క టైర్లలో గాలి, మధ్యలో స్పీడు. ఆ పైన మా మేనేజర్ గారి మెసేజ్‌లు. ఇదివరకు ఆయన ఆఫీసులో మాత్రమే కనిపించేవారు. ఇప్పుడు "ఎక్కడున్నారు?" అన్న ఆయన ప్రశ్న ముందు వెళ్లే లారీ మీద తేలుతూ నాతోపాటే ప్రయాణం చేస్తుంది.

మా ఆవిడకి ఈ యోగం లేదు. పక్క సీట్లోంచి ఆ అంకెలు కనిపించవు. పాపం, ఆవిడ రోడ్డు చూసుకుంటూ కూర్చోవాలి.

"ఎదురుగా బస్సు వస్తోందండీ," అంటుంది.

"నాకు తెలీదా?" అంటాను. నిజంగానే తెలీదు.

అయినా మనుషుల్ని చూడ్డం కూడా కారు పనే. ఎవరైనా అడ్డం వస్తే వాళ్ల చుట్టూ పసుప్పచ్చ గడి గీస్తుంది. మొన్న స్కూళ్లు వదిలే వేళ, జీబ్రా గీతల దగ్గర ఓ పొట్టి ఆకారం చుట్టూ గడి పడింది. నేను మేనేజర్ గారి మెసేజ్‌లో రెండో లైను చదువుతున్నాను. కారే బ్రేకు వేసుకుంది. గడి అవతలికి దాటిపోయింది. నేను ముందుకు కదిలాను. స్పీడు ఇరవై నాలుగు, టైర్లలో గాలి భేషుగ్గా ఉంది. ఇంతకంటే జాగ్రత్తపరుడెవడైనా ఉంటే చూపించండి!

ఆ సాయంత్రం మూడో క్లాసు చదివే మా అమ్మాయి హోంవర్కు చేసుకుంటూ తలెత్తింది.

"నాన్నా, ఇవాళ స్కూలు ముందు నీకు చెయ్యూపాను. నా మొహం వంకే చూశావు. నవ్వలేదేం?"

చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. దాచుకోవడమెందుకు, ఏడుపొచ్చింది. ఆ గడిలో ఉన్నది నా కూతురు. కారు ఆగకపోయి ఉంటే? నా తల ఎత్తే ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, రూల్సు ప్రకారం నేనొక్క తప్పూ చెయ్యలేదు.

"చూళ్లేదమ్మా," అన్నాను. "అద్దం మీద మెసేజ్ వస్తే అది చదువుతున్నాను."

అది పెన్సిలు కొరుకుతూ కాసేపు ఆలోచించింది. కోపమేమీ లేదు.

"పోన్లే నాన్నా. రేపట్నుంచి రోడ్డు దాటేముందు టీచర్ ఫోన్లోంచి నీకు మెసేజ్ పెట్టిస్తాను. అప్పుడు కనిపిస్తాను కదా?"