తొమ్మిది చేపలూ ఒక కుళాయీ

అక్షరాలు నాకు ఆలస్యంగా పట్టుబడ్డాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. నా చెయ్యి నిదానం గానీ, ఈ కథ మాత్రం మొదటి నుంచీ పరుగే.

ఆ చేపల పెంపక కేంద్రంలో తొట్లు చూసుకునే మనిషిని అందరూ గడగడ అనేవారు. ఎవరైనా పలకరిస్తే వణికేవాడు, పలకరించకపోతే ఎందుకు పలకరించలేదోనని వణికేవాడు. అలాంటివాడి చేతిలో తొమ్మిది చేపలుండేవి. వేలెడంత పొడవు, తోక దగ్గర ఎర్రటి చుక్క. అవి పుట్టిన వాగు ఎండిపోయింది. తెలిసినంతవరకూ ఆ జాతిలో మిగిలింది ఆ తొమ్మిదే. వాటిచేత గుడ్లు పెట్టించాలని చేపల డాక్టరమ్మ రెండేళ్ళుగా చెయ్యని ప్రయత్నం లేదు. సూదులు వేసింది, పురుగులు మేపింది, దీపాలు మార్చింది. చేపలు తినేవి, తిరిగేవి, పడుకునేవి. అంతే.

ఆ రోజు పదకొండింటికి తనిఖీ. గుడ్లు పెట్టని చేపలకు ఒక కేంద్రం ఎందుకని పైవాళ్ళు అప్పటికే అడుగుతున్నారు. గడగడ ఆరున్నరకే వచ్చాడు. డాబా మీది ట్యాంకులో పట్టిన వాననీళ్ళతో ఆ చేపల తొట్టి కాస్త నింపి, గచ్చు కడిగి, గడ్డం గీసుకుని, పదింటికల్లా ఇస్త్రీ చొక్కాలో నిలబడాలని అతని ఆలోచన. కుళాయి తిప్పాడు. ఫోను మోగింది.

"అల్లుడూ, నన్ను ఇంట్లో పెట్టి తాళం వేసుకుపోయావా?"

అత్తగారు! భార్య తెల్లవారగానే పనికి వెళ్ళిపోవడంతో, ఇంట్లో ఇంకెవరూ లేరనుకుని తాళం వేసేశాడు.

"మర్చిపోయానత్తయ్యా..."

"మూడు నెలలుగా మీ ఇంట్లోనే ఉంటున్నాను. ఎలా మర్చిపోయావు?"

కుళాయి సంగతే మరిచి గడగడ పరుగెత్తాడు. ఇల్లు రెండు వీధుల అవతల. తాళం తియ్యడానికి అరనిమిషం పట్టింది, తిట్లు తినడానికి ముప్పావుగంట. మధ్యలో వెళ్ళొస్తానంటే, "ఏం, మళ్ళీ తాళం వేద్దామనా?" అందావిడ.

తిరిగొచ్చేసరికి తొట్టి పొర్లుతోంది. నీళ్ళు గచ్చు మీదుగా పారి, పక్కనున్న రికార్డుల గది గుమ్మం దాటి, లోపలి మూడు మెట్ల మీంచి పల్లంలోకి దూకుతున్నాయి. కుళాయి కట్టేసి తొట్టిలోకి తొంగి చూశాడు. ఒక్క చేప లేదు. చెయ్యి పెట్టి మూలమూలా దేవులాడాడు. లేవు. రికార్డుల గది మధ్యలో గచ్చు కడిగిన నీళ్ళు పోయే తూము ఉంది. అది నేరుగా వీధి కాలువలో కలుస్తుంది.

గడగడకు లెక్క తేలిపోయింది. ఒక జాతి మొత్తాన్ని తాను ఒంటిచేత్తో మురికికాలువ పాలు చేశాడు. గదిలోకి చూసే ధైర్యం లేక తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. ఖాళీ తొట్టి మీద నల్లగుడ్డ కప్పాడు.

తనిఖీ అధికారి చెప్పిన వేళకే వచ్చి, అందరికంటే ముందు గడగడతో చెయ్యి కలిపాడు. ఆ తరువాత గుడ్డ మీద చెయ్యి వేశాడు.

"తియ్యకండి సార్! వాటికి... ఒంట్లో బాలేదు."

"బాలేకపోవడమేంటి? నిన్న సాయంత్రం చూశాను కదా!" అంది వెనకే వచ్చిన డాక్టరమ్మ.

"రాత్రికి రాత్రే వచ్చిందమ్మా రోగం. అందుకే వేరుచేసి ఆ గదిలో పెట్టా."

"నన్నడక్కుండానా?"

అధికారి రెండడుగులు వెనక్కి వేశాడు. కలిపిన చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని అడిగాడు. "అంటుకుంటుందా?"

అవునంటే తలుపు తియ్యరని తోచింది గడగడకు. "చాలా, సార్."

"మరి రూలేంటమ్మా?"

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "అంటురోగమే అయితే బ్లీచింగ్ పౌడర్ చల్లి చంపెయ్యాలి సార్. కానీ ముందు నేను చూడాలి."

"మీరు చూసి, మిగతా తొట్లకి అంటించడానికా? ఏం వద్దు. చల్లించెయ్యండి, కేంద్రం మూసేద్దాం. ఏమయ్యా, నువ్వే కానివ్వు."

బస్తా గడగడ చేతికే వచ్చింది. ఎలాగూ చేపలు లేవు. పౌడర్ చల్లేస్తే ఇక అడిగేవాడుండడు. బతికిపోయాననుకుంటూ తలుపు దాకా వెళ్ళి గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

లోపల తపక్కుమంది.

చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ తపక్. చిన్న తోక నీటిని కొట్టిన చప్పుడు. మేత వేస్తూ రెండేళ్ళు రోజూ విన్న చప్పుడది. నోరు మూసుకుని చల్లేస్తే ఉద్యోగం దక్కుతుంది, చేపలు చస్తాయి. నోరు తెరిస్తే చేపలు బతుకుతాయి, తన బతుకు రోడ్డున పడుతుంది. 

"ఊఁ, కానివ్వు!" అన్నాడు అధికారి.

గడగడ బస్తా కింద పడేసి దాని మీదే కూర్చున్నాడు. "చల్లను సార్."

"ఏంటీ?"

"రోగం లేదు, ఏం లేదు. అబద్ధమాడా. మా అత్తగారిని ఇంట్లో పెట్టి తాళం వేశా సార్!"

"ఆవిడకీ అంటుకుందా!"

"కుళాయి కట్టడం మర్చిపోయా! చేపలు ఆ గదిలోకి కొట్టుకుపోయాయి. బతికే ఉన్నాయి. నన్ను పన్లోంచి తీసెయ్యండి, పౌడర్ మాత్రం వెయ్యొద్దు!"

డాక్టరమ్మ అతన్ని పక్కకు నెట్టి తలుపు తీసింది. పాదాలు మునిగేంత నీళ్ళు. కింది అరలో ఫైళ్ళు ఉబ్బిపోయాయి. మెట్ల కింద పరిచిన కొబ్బరిపీచు పట్టా కొట్టుకుపోయి సరిగ్గా తూము మీద చతికిలబడింది. అందుకే నీరు దిగలేదు. ఆవిడ మెల్లగా దిగి టార్చి వేసింది. వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"ఎన్నున్నాయమ్మా?" అడిగాడు గడగడ.

"తొమ్మిది."

"మరెందుకమ్మా ఏడుస్తున్నారు?"

"గట్టిగా మాట్లాడకు. ఇటు చూడు."

పీచు పోగుల నిండా గుడ్లు. ఆవగింజలంత, గాజుపూసల్లా. చేపలు ఒకదాన్నొకటి తరుముకుంటూ ఇంకా పెడుతూనే ఉన్నాయి. వాననీళ్ళు గట్టు దాటి పల్లపు నేల మీద పల్చగా పరుచుకోవడం కోసం అవి రెండేళ్ళుగా ఎదురుచూశాయి. తొట్టిలో వాటికి ఆ వరద ఎవరూ తెప్పించలేదు.

అధికారి గుమ్మంలోంచే మెడ సాచి చూశాడు. మూసేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

వారం తిరక్కుండా గడగడకు మెమో వచ్చింది. కుళాయి కట్టకుండా వెళ్ళినందుకు సంజాయిషీ ఇవ్వవలెనని. వణుకుతూ చివరిదాకా చదివాడు. అడుగున డాక్టరమ్మ చేతిరాత ఉంది: "వచ్చే ఏడాది ఇదే వారంలో మళ్ళీ మర్చిపోవలెను."

— చిన్నక్క, అరవై తొమ్మిదేళ్ళు, ప్రస్తుతం చెల్లెలి ఇంటి మేడమీది గది