మడుగులో బెత్తెడు లెన్సు

ఒక పెద్ద అడవిలో, ఆ అడవి కంటే పెద్ద కార్యవర్గం ఉండేది. గుట్టకొక సంఘం, వాగుకొక ఉపసంఘం, పుట్టకొక సలహాదారు. పని చేసే జంతువులు మాత్రం వెతికితే గానీ కనపడేవి కావు. కార్యవర్గానికి అధ్యక్షుడు ఎలుగుబంటి. సమావేశంలో సగం సేపు నిద్రపోతుందని దానికి మంచి పేరు. మెలకువగా ఉంటే ఏదో ఒక నిర్ణయం తీసుకుంటుందని అందరికీ భయం.

అడవి నడుమ ఉన్న మడుగుకు సంరక్షణాధికారి ఒక ముసలి తాబేలు. పేరు డిప్పయ్యగారు. ఆయన్ని 'అది', 'ఇది' అంటే కార్యదర్శి ఉడుము నోటీసు ఇచ్చేది. కాబట్టి నేనూ గౌరవంగానే చెబుతాను. డిప్పయ్యగారు చేసే పని ఒక్కటే, తనిఖీ.

తనిఖీకొక మర్యాద ఉండేది. అధికారి గూడు దగ్గరికి వచ్చినప్పుడు, గూడు పెట్టుకున్నవాళ్లు ఇరవై మూరలు వెనక్కి వెళ్లి, ముఖం అటు తిప్పుకుని నిలబడాలి. ఎదురుగా ఉంటే అధికారి మీద ఒత్తిడి పడుతుందట, తనిఖీ నిష్పక్షపాతంగా జరగదట. ఈ మర్యాద ఎవరు పెట్టారని అడిగితే తాతల నాటిదన్నారు. ఎవరి తాతలో చెప్పలేదు.

ఆ మడుగులో ఒక కొర్రమీను ఉండేది. ఆ వానాకాలం నాచు పక్కకు నెట్టి, నీటి మీద గుండ్రంగా చోటు చేసుకుని గుడ్లు పెట్టింది. ఆవగింజంత గుడ్లు, లేత తేనె రంగువి. రెండు విడతలు పెట్టింది, రెండు విడతలూ మాయమయ్యాయి. రెండుసార్లూ డిప్పయ్యగారు తనిఖీ చేసి తామరాకు మీద నివేదిక రాశారు. 'తల్లే తిన్నది.'

మూడోసారి కూడా గుడ్లు పోతే గూడు రద్దు చేసి, కొర్రమీనును మడుగులోంచి బురద కాలవలోకి వెళ్లగొట్టాలని ఉడుము నియమాలు చదివి చెప్పింది. అప్పటికే వానలు వెనకబడుతున్నాయి. మూడో విడత గుడ్లు నీటి మీద తేలుతున్నాయి. ఆ ఏటికి అవే ఆఖరివి.

కొర్రమీను ఒడ్డుకు వచ్చి మొర పెట్టుకుంది. "అయ్యా, కన్నతల్లినండీ! నా గుడ్లు నేనెందుకు తింటాను? మూడు రోజులుగా మేత కూడా మానేసి కాపలా కాస్తున్నా."

"ఆధారం ఉందా?" అంది ఎలుగుబంటి, ఒక కన్ను తెరిచి.

"నా కడుపుకోత ఆధారం కాదా?"

"దానికి ఫొటో ఉందా?" అంది ఉడుము.

అప్పుడు పీత ముందుకొచ్చింది. పడవ షికారుకొచ్చిన మనుషులు పోగొట్టుకున్న చిన్న కెమెరా ఒకటి దాని దగ్గర ఉండేది. నీళ్లలో మునిగినా పాడవకుండా పైన గాజు డబ్బా, పక్క సంచిలో మూడు లెన్సులు. నాలుగేళ్లుగా పీత దాంతో నత్త పిల్లల్నీ నీటి పురుగుల్నీ ఫొటోలు తీసి, ఆ విద్యలో చెయ్యి తిరిగిపోయింది. అడవిలో బ్యాటరీ ఎలా ఎక్కించేదని మాత్రం అడక్కండి. అక్కడ పాలనే నడుస్తోంది, కెమెరా నడవడం ఒక లెక్కా?

"గూడు దగ్గర కెమెరా పెడదామండీ. ఎవరు వచ్చి తింటున్నారో అదే చెబుతుంది," అంది పీత.

డిప్పయ్యగారి మెడ కాస్త లోపలికి పోయింది. కానీ పది మంది ముందు వద్దంటే బాగుండదు. ఎంత చెడ్డా అధికారి కదా, వద్దనకుండానే ఆపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. "బ్రహ్మాండమైన ఆలోచన! వెంటనే లెన్సు ఎంపిక సంఘం వేయండి. దానికి నేనే పెద్దగా ఉంటాను," అన్నారు.

సంఘంలో డిప్పయ్యగారు, ఉడుము, అడవిపంది సభ్యులు. మూడు లెన్సులూ రాతి మీద పరిచారు. అడవిపంది ఒకదాన్ని ముట్టెతో పొర్లించి, "ఈ ఎర్రది బాగుంది. పండగ కళ ఉంది," అంది.

"అది దగ్గరివి చూసే లెన్సు కాదండీ," అంది పీత. "లోతుకు పోతే నీలం ఎక్కువై రంగులు చచ్చిపోతాయి, దానికి విరుగుడు. మన గుడ్లు నీటి మీదే ఉన్నాయి. అది తగిలిస్తే తేనె రంగు గుడ్లు కుంకుమ రంగులో కనిపిస్తాయి."

"బాగానే ఉంటుందిగా!" అంది అడవిపంది.

పీత ఓపిక పట్టింది. "ఉత్త కెమెరాకు ఎదుటిది కనీసం మూరెడు దూరంలో ఉండాలండీ. దగ్గరికి వస్తే మసకే. పోయినేడు డిప్పయ్యగారు ముచ్చటపడి ముఖం దగ్గరగా పెట్టి ఫొటో తీయించుకున్నారు కదా, పిడకలా వచ్చింది."

డిప్పయ్యగారు దగ్గారు. ఆ మాట ఆయన మర్చిపోలేదు.

"అందుకే ఈ లెన్సులు. పల్చటిది తగిలిస్తే జానెడు దూరంలో ఉన్నది చక్కగా పడుతుంది. తల్లి బెదరదు, వెలుతురుకు అడ్డం రాదు. మనకు కావాల్సింది ఇదే. ఈ మందపాటిది వద్దు. ఇది తగిలిస్తే జానెడు దూరంలోది కూడా మసకైపోతుంది. ఇక దీని గుణం ఏమిటంటే..."

అంతలో ఎలుగుబంటి కోసం చెదల దొప్ప వచ్చింది. సంఘమంతా లేచి అటు పరిగెత్తింది.

"బెత్తెడు దూరంలో మాత్రం వెంట్రుక కూడా మోకులా కనిపిస్తుంది," అని పీత తన వాక్యం ముగించింది. అక్కడ వినడానికి ఎర్ర లెన్సు తప్ప ఎవరూ లేరు.

చెదలు తిని వచ్చాక డిప్పయ్యగారు తీర్పు చెప్పారు. "మందపాటిదే పెట్టాలి. పల్చటిది పెడితే మన మడుగు పరువేం కాను?"

"మందంగా ఉంటే మంచిదే కదా," అంది అడవిపంది. దానికి కొవ్వు గురించి తప్ప ఏమీ తెలియదు.

"ఇంకొక మాట," అన్నారు డిప్పయ్యగారు. "గుడ్లు పెట్టిన తల్లికి మర్యాద ఇవ్వాలి. కెమెరా గూటికి నాలుగు మూరల దూరంలో ఉండాలి."

పీత ముందు డెక్కలు రెండూ పైకెత్తింది. "నాలుగు మూరల దూరంలో ఆ లెన్సు పెడితే ఏనుగు నడిచినా పొగమంచులాగే కనిపిస్తుందండీ!"

"తల్లుల మర్యాద అంటే నీకు గిట్టదన్నమాట," అంది ఉడుము. "రాసుకుంటున్నాను."

కొర్రమీనుకు విషయం అర్థమైంది. "ఏమీ కనిపించకపోతే ఇక నాకెందుకండీ ఈ కెమెరా?" అని బతిమాలింది. తన కోసం ఇంతమంది పెద్దలు కష్టపడుతుంటే విశ్వాసం లేదని ఎలుగుబంటి దాన్ని కసురుకుంది. నాకైతే అక్కడే ఎలుగుబంటి చెవి మెలిపెట్టాలనిపించింది. కథ చెప్పేవాడికి ఆ అధికారం లేదు.

డిప్పయ్యగారి మనసులో లెక్క ఇది. దూరం నుంచి మసక, అది పీతే చెప్పింది. దగ్గరికి వస్తే మసక, అది పోయినేడు తన ముఖమే రుజువు చేసింది. అంటే ఆ కెమెరా ముందు ఎక్కడ నిలబడ్డా భయం లేదు. ఈ లెక్క సంఘంలో ఎవరికి చెప్పినా మెచ్చుకునేవారే.

ప్రారంభోత్సవం ఒడ్డునే జరిగింది. లెన్సును నీళ్లలోకి దింపాక తగిలించాలనీ, లేకపోతే గాజుకూ లెన్సుకూ మధ్య గాలి బుడగ చిక్కుకుంటుందనీ పీత చెప్పింది. "నీళ్లలో తగిలిస్తే చప్పట్లు ఎవరికి వినపడతాయి?" అని ఉడుము అడ్డుపడింది. తామర తూడు కత్తిరించి, మూడు ఉపన్యాసాలు ఇచ్చి, ఒడ్డున లెన్సు బిగించి, కెమెరాను వెదురు కర్రకు కట్టి నీళ్లలో పాతించారు. పండగనాటి ఉబ్బిన అప్పంలాగా, లెన్సు మధ్యలో పెద్ద గాలి బుడగ కూర్చుంది.

అందరూ వెళ్లిపోయాక పీత కర్ర ఎక్కింది. లెన్సును వదులు చేసి, ఒక పక్కకు వంచి బుడగను బయటికి పంపేసి, మళ్లీ బిగించింది. దూరం మార్చే అధికారం దానికి లేదు. చేతిలో ఉన్న పని మాత్రం సరిగ్గా చేయకుండా ఉండలేకపోయింది. ఇలాంటివాళ్ల వల్లే కార్యాలయాల్లో ఇబ్బందులు వస్తాయి.

మర్నాడు ఎండ బాగా కాస్తున్న వేళ డిప్పయ్యగారు తనిఖీకి వేంచేశారు. కొర్రమీను మర్యాద ప్రకారం ఇరవై మూరలు వెనక్కి జరిగి ముఖం తిప్పుకుంది. వెనక నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తూనే ఉంది. అధికారిగారు శ్రద్ధగా లెక్కపెడుతున్నారు కాబోలు అనుకుంది. ఆ పిచ్చితల్లికి అప్పటికీ మర్యాద మీద నమ్మకం పోలేదు.

డిప్పయ్యగారు సగం గుడ్లు ఆరగించారు. మిగతా సగం సాయంత్రపు తనిఖీకి అట్టిపెట్టుకున్నారు. వెళ్లబోతూ కెమెరా వైపు చూశారు. వీడియో తీస్తున్నట్టు దాని ఎర్ర దీపం మినుకు మినుకుమంటోంది. అన్ని కాగితాలూ రెండుసార్లు సరిచూసుకునే అలవాటు కదా, దగ్గరికి వెళ్లి గాజులోకి తొంగిచూశారు. అందులో తన ముఖం నీడ కనపడింది. అటు తిప్పి చూసుకున్నారు, ఇటు తిప్పి చూసుకున్నారు. గంభీరంగా ఒకసారి కళ్లు మూసి తెరిచారు. తృప్తిగా వెళ్లిపోయారు.

సాయంత్రపు తనిఖీకి ముందే కార్యవర్గం కూర్చుంది. ఒడ్డుకు తీసిన కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీదికి అందరూ తలలు వంచారు. పచ్చటి పొగ. ఇంకా పొగ. పొగలో ఏదో నల్లటి ముద్ద వచ్చింది, మెదిలింది.

"మబ్బు నీడ," అన్నారు డిప్పయ్యగారు. "చూశారుగా, బయటివాళ్లెవరూ రాలేదు. సగం గుడ్లు లేవు. తల్లే తిన్నది."

"గూడు రద్దు. కొర్రమీనును కాలవలోకి పంపాలి," అని ఉడుము ఆకు మీద రాయడం మొదలుపెట్టింది. కొర్రమీను ఒడ్డు పక్కన నీళ్లలో అలాగే నిలబడిపోయింది.

"ఒక్క నిమిషం ఆగండి," అంది పీత.

తెర మీది నల్లటి ముద్ద పెద్దదవుతూ వచ్చింది. మసక, మసక, మసక. సరిగ్గా బెత్తెడు దూరానికి వచ్చేసరికి పొగ విడిపోయింది. డిప్పయ్యగారి ముఖం మెడ మీది ముడతలతో సహా తెర నిండా నిలిచింది. ఆయన అటు తిరిగారు, ఇటు తిరిగారు. మూతి మీద, ముక్కు పక్కన, ఒక గుడ్డు అంటుకుని ఉంది. పల్చటి పొర లోపల చుట్టుకున్న చిన్న తోక. రెండు నల్లటి కళ్లు.

ఎలుగుబంటి నిద్రమత్తు కూడా వదిలిపోయింది.

"కళ్లు వచ్చేశాయి," అంది కొర్రమీను. "ఈ సాయంత్రానికి ఈదేది. నా బిడ్డ."

డిప్పయ్యగారు తల డిప్పలోకి లాక్కుని లోపలినుంచే వాదించారు. "ఇది లెన్సు కల్పన! ఆవగింజను గుమ్మడికాయ చేసి చూపించడం మోసం కాదా? ఉన్నది ఒక్కటంటే ఒక్క గుడ్డు. అది కూడా తనిఖీలో భాగంగా నమూనా తీసుకున్నాను."

"మిగతావి?" అంది పీత.

"అవి కూడా నమూనాలే!"

ఎలుగుబంటికి తీర్పు చెప్పక తప్పలేదు. డిప్పయ్యగారిని పదవి నుంచి దింపేశారు. అధికారి ముఖాన్ని అనుమతి లేకుండా స్పష్టంగా చూపించినందుకు కెమెరాకు సీలు వేశారు. బుడగ తీసినందుకు పీతను రాతిగుట్ట పైకి బదిలీ చేశారు, అక్కడ నీటి చుక్క లేదు. మడుగు కొత్త అధికారిగా ఉడుమును వేశారు. గుడ్ల విషయంలో ఉడుముకు ఉన్నంత అనుభవం అడవిలో ఇంకెవరికీ లేదని అడవిపంది బలపరిచింది.

ఉడుము ఆ పూటే మొదటి తనిఖీకి దిగింది. "ఇరవై మూరలు వెనక్కి. ముఖం అటు," అంది.

కొర్రమీను కదల్లేదు.

"మర్యాద తెలీదూ?"

"తెలిసింది కాబట్టే ఇక్కడున్నా," అంది కొర్రమీను. "రండి, నా కళ్లముందే తనిఖీ చేసుకోండి."

ఉడుము మూతి ముందుకు చాచింది. కొర్రమీను గబుక్కున ఎగిరి దాని ముక్కు పట్టుకుని కొరికింది. ఉడుం పట్టు గురించి లోకమంతా చెప్పుకుంటుంది. కన్నతల్లి పట్టు ఎలా ఉంటుందో ఆ రోజు ఉడుముకు తెలిసింది. ముక్కు వదిలించుకుని ఒడ్డెక్కింది. అప్పటినుంచి మడుగు వైపు తనిఖీకి రాకుండానే 'అంతా సవ్యం' అని నివేదికలు రాస్తోంది.

చీకటి పడే లోపే మిగిలిన గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. విధులకు ఆటంకం కలిగించినందుకు కార్యవర్గం కొర్రమీనుకు పెద్ద తామరాకు నిండా నోటీసు పంపింది. అది నీటి మీద తేలుతూ ఉంటే, మర్నాటి ఎండకు చిన్న పిల్లలన్నీ దాని కింద నీడకు చేరాయి. తల్లి వాటి చుట్టూ తిరుగుతూ కాపలా కాసింది.

నీతి: తనిఖీ చేసిన అధికారి ఫొటోకు ముఖం చూపించే ముందు తప్పనిసరిగా మూతి తుడుచుకోవాలి.